ఇంగ్లీషు ‘హార్ట్’ సామెతలకు తెలుగు సామెతను జతచేసి చెప్పడం సరైనదేనా?

ఇంగ్లీషు ఉపాధ్యాయిని, తెనాలి:
తొమ్మిదో తరగతి పిల్లలకు ప్రేమ, భయం, దుఃఖం వంటి భావాలను తెలిపే ఇంగ్లీషు సామెతలు చెబుతున్నాను. ప్రతిదాని పక్కనా దగ్గరి తెలుగు సామెతను రాయించడం నా పద్ధతి. ‘ఫెయింట్ హార్ట్ నెవర్ వన్ ఫెయిర్ లేడీ’ (పిరికి గుండెవాడికి అందగత్తె దక్కదు) పక్కన ‘ధైర్యే సాహసే లక్ష్మి’ అని రాయగానే వెనక బెంచీలవాళ్లకు కూడా అర్థమైంది. ‘ఆబ్సెన్స్ మేక్స్ ద హార్ట్ గ్రో ఫాండర్’ పక్కన ‘దూరపు కొండలు నునుపు’ అని రాయించాను. అయితే ఇది పిల్లలను తప్పుదారి పట్టిస్తుందని మా సహోపాధ్యాయులొకరు అంటున్నారు. పెద్దల అభిప్రాయం తెలుసుకోగోరుతున్నాను.

అనువాదకుడు, వరంగల్:
అమ్మా, వారి మాటలో న్యాయం ఉంది. ఇంగ్లీషువారు ‘హార్ట్’ అనే ఒక్క మాటతో సరిపెట్టే చోట మనకు మూడు మాటలున్నాయి. భయమూ ధైర్యమూ గుండెవి; ఇష్టమూ విరక్తీ మనసువి; తల్లి మమకారమూ ఓర్వలేనితనమూ కడుపువి. గుండె జారుతుంది, మనసు పడుతుంది, కడుపు మండుతుంది. ఒకదాని చోట మరొకటి పెడితే అర్థమే మారిపోతుంది.

నేను దిద్దిన ఒక అనువాదంలో, కొడుకును పోగొట్టుకున్న తల్లిని గురించి ‘ఆమె మనసు విరిగిపోయింది’ అని ఉంది. మూలంలో ఉన్నది ‘బ్రోకెన్ హార్ట్’. తెలుగులో మనసు విరగడమంటే ఎదుటివారి మీద ఇష్టం చచ్చిపోవడం. ‘మనసు విరిగెనేని మరి యంట నేర్చునా’ అని వేమన చెప్పింది కూడా ఆ తెగిపోయిన బంధం గురించే. ఆ వాక్యం చదివినవారికి, చనిపోయిన కొడుకును తల్లి అసహ్యించుకున్నదనే అర్థం తోస్తుంది. దాన్ని కొట్టేసి ముందు ‘గుండె పగిలింది’ అని రాశాను, అదీ చాలదనిపించి చివరకు ‘కడుపుకోత’ అని మార్చాను. ఇంగ్లీషు గుండె తెలుగులో కడుపు దగ్గరకు చేరితే గాని ఆ తల్లి బాధ నాకు వినిపించలేదు.

విశ్రాంత తెలుగు పండితుడు, రాజమహేంద్రవరం:
మీరు చూపిన ఉదాహరణ నాకు నచ్చింది గాని, దానినుంచి మీరు తేల్చినది నచ్చలేదు. సరైన తెలుగు మాట దొరికేదాకా వెతికారు కదా, ఉపాధ్యాయిని గారు చేస్తున్నదీ అదే. 1868లో కెప్టెన్ కార్ మద్రాసులో అచ్చువేయించిన తెలుగు సామెతల సంకలనంలో, మన సామెతల కింద వాటికి దగ్గరగా ఉన్న ఇంగ్లీషు సామెతలను చూపారు. బైబిలు సామెతల గ్రంథం 17వ అధ్యాయం 22వ వచనంలో ఇంగ్లీషువారు ‘మెర్రీ హార్ట్’ అన్నచోట తెలుగువారు ‘సంతోషముగల మనస్సు’ అన్నారు. గుండె అని ఉంటే అది వైద్యుని మాటలా వినిపించేది.

మనసులోని భావాలను దాచుకోకపోవడాన్ని చెప్పే ‘హార్ట్ ఆన్ ద స్లీవ్’ అనే జాతీయాన్ని కూడా చూడండి (ఇది సామెత కాదు, పిల్లలకు ఆ తేడా తప్పక చెప్పాలి). షేక్‌స్పియర్ ఒథెల్లోలో ఇయాగో అనే కపటి, తన గుండెను చొక్కా చేతికి తగిలించుకుంటే కాకిజాతి పక్షులు పొడుస్తాయని అంటాడు. మనవాళ్లు ‘కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుంది’ అన్నారు. లోపలిదాన్ని బయట పెట్టుకున్నవాడికి కలిగే చేటును రెండు జాతులూ శరీరంతోనే చెప్పాయి. పక్కపక్కన పెడితేనే కదా ఈ సంగతి కనబడేది!

అనువాదకుడు, వరంగల్:
పక్కపక్కన పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు, రెండూ ఒకటేనని రాయించడానికే అభ్యంతరం. ‘ఫెయింట్ హార్ట్’ సామెత మొదట, ప్రేమించిన అమ్మాయిని అడగడానికి జంకే యువకుడికి చెప్పేది. మన లక్ష్మి సిరిసంపదలకు గుర్తు. ‘ఆబ్సెన్స్ మేక్స్ ద హార్ట్ గ్రో ఫాండర్’కు ‘దూరపు కొండలు నునుపు’ అని రాయించడం మరీ పొరపాటు. మొదటిది ఎడబాటులో పెరిగే మమకారాన్ని చెబుతుంది. రెండవది దూరాన ఉన్నదాని లోపాలు కనబడవని హెచ్చరిస్తుంది.

ఒక తల్లి, డాలస్:
మా ఇంట్లో సమస్య తిరగబడి ఉంటుంది. మా అమ్మాయికి ఇంగ్లీషు సామెతలు వాటంతటవే వస్తాయి, తెలుగువే చెప్పాలి. మొన్న ఫోనులో వాళ్ల అమ్మమ్మ ‘నిన్ను కడుపులో పెట్టుకుని చూసుకుంటానే’ అంటే, పిల్ల ఫోను చేత్తో మూసి ‘కడుపులోనా?’ అని నన్నడిగింది. మీరు హార్ట్ అనేచోట అమ్మమ్మ కడుపు అంటుందని చెప్పాను. ఆ పోలికే లేకపోతే ఆ ప్రేమ దానికి అందేది కాదు. అందుకే పండితులవారితో ఏకీభవిస్తున్నాను.

ఇంగ్లీషు ఉపాధ్యాయిని, తెనాలి:
అందరికీ కృతజ్ఞతలు. ఈరోజు నల్లబల్ల మీద గుండె, మనసు, కడుపు అని మూడు గడులు గీసి, ఏ సామెత ఎందులోకి వస్తుందో పిల్లలనే చెప్పమన్నాను. దూరపు కొండల సామెతను నేనే చెరిపించి, తప్పు నాదని ఒప్పుకున్నాను. ‘వాట్ ది ఐ డజన్ట్ సీ, ద హార్ట్ డజన్ట్ గ్రీవ్ ఓవర్’ దగ్గర మాత్రం తరగతి రెండుగా చీలింది. కంటపడని దానికి మనసు నొచ్చుకోదని కొందరు, గుండె బరువెక్కదని కొందరు వాదించారు. గంట కొట్టేసరికి ఆ సామెత ఏ గడిలోకీ చేరలేదు. రేపు మళ్లీ అడుగుతారు. మీరైతే ఎక్కడ రాస్తారు?