సమస్య: సున్న కన్న ముందె సున్న వచ్చె

నిర్వాహకుడు (నల్లగొండ): కొత్త సంవత్సరపు రాత్రి క్లాక్‌టవర్ సెంటర్‌లో కట్టిన తెరమీద పది నుంచి అంకెలు దిగుతుండగా, జనం ఇంకా "ఒకటి" అని అరుస్తుండగానే సున్న పడింది. ఆ నవ్వులో పుట్టిన ఈ పాదమే ఈ వారం మన సమస్య; దీన్ని చివరి పాదంగా నిలిపి పద్యం పూరించాలి. మోషన్ గ్రాఫిక్స్ (తెరమీద అక్షరాలను, బొమ్మలను కదిలించే) పని తెలిసినవారు మనలో ఉన్నారు కనుక పూరణ ఆ పనిలోంచే రావాలి. ఆచార్య నాగార్జునుడి శూన్యవాదమంటూ నాగార్జునసాగరం దాకా వెళ్లవద్దని మనవి.

పానగల్లు:
పదిని మొదట నిలిపి పది సెకన్ల చివర
సున్న నునిచి గీత సూటి చేసి
రౌండు చేసినంత రచ్చయ్యె నరసెకన్
సున్న కన్న ముందె సున్న వచ్చె.

మోషన్ గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో అంకెను మార్చే మీట అయిన స్లైడర్ కంట్రోల్‌కు రెండు కీఫ్రేములు (ఏ క్షణాన ఏ విలువ ఉండాలో చెప్పే గుర్తులు) వేసి, దాని విలువను తెరమీది అక్షరాలు ఉండే సోర్స్ టెక్స్ట్‌కు మ్యాథ్ డాట్ రౌండ్‌తో కలిపితే, అది దగ్గరి పూర్ణాంకానికి లాగుతుంది. విలువ 0.5 దాటి దిగగానే సున్న కనిపిస్తుంది. సెకనుకు 30 ఫ్రేములైతే సుమారు 15 ఫ్రేముల ముందే.

పాలమూరు: "గీత సూటి చేసి" అన్న మాటలో లీనియర్ కీఫ్రేము (విలువను ఒకే వేగంతో మార్చేది) చక్కగా ఒదిగింది, అంతవరకు అభినందనలు. అయితే రౌండ్ వల్ల పదికి కూడా అర సెకనే దక్కుతుంది. పానగల్లు అన్నగారికి ఎప్పటిలాగే చివర మీదున్న శ్రద్ధ మొదలు మీద లేదు. నా పూరణలో "ముందు" కాలానికి కాదు, స్థానానికి చెందినది.

పదియె తొమ్మిదైన పక్కకు జరుగని
విధము కోరి యొకటి వేసినాను
పదుల చోట; చివర పద్దు ముగియు వేళ
సున్న కన్న ముందె సున్న వచ్చె.

పానగల్లు: 09, 08 అంటూ దిగి 00 దగ్గర ఆగడం మంచి చమత్కారమే, ఒప్పుకుంటాను. కానీ చెల్లెమ్మా, పదుల చోట "ఒకటి" వేస్తే తొమ్మిది కాస్తా పందొమ్మిది అవుతుంది. "కోరి సున్న వేసినాను" అన్నా గణం చెడదు కదా.

దేవరకొండ: గణాల మాట వచ్చింది కనుక అడుగుతున్నాను. గత పూరణలో "స్లైడరు" అనే భగణాన్ని (గురువు, రెండు లఘువులు) అది చెల్లని సూర్యగణం చోట కూర్చోబెట్టి, నిలదీస్తే "మా స్టూడియోలో స్లైడ్రు అనే అంటాం" అని తప్పించుకున్న పానగల్లువారికి ఈ సవరణలు చేసే హక్కు ఎప్పుడు వచ్చింది? ఇక పాలమూరువారి పద్యానికి వస్తే, ముందు సున్న అంకెల సంఖ్యను నిలుపుతుందే తప్ప వెడల్పును నిలపదు. ఒకటి సన్నగా ఉండే ఫాంటులో, అక్షరాలను మధ్యకు సర్ది ఉంచితే, 02 నుంచి 01కి దిగేటప్పుడు రెండంకెలూ కదులుతాయి. అంకెలన్నీ సమాన వెడల్పుతో ఉన్న ఫాంటు తీసుకుంటేనే "పక్కకు జరుగని" అన్న మాట నిజమవుతుంది.

పాలమూరు: సవరణ రెండూ స్వీకరించాను. దేవరకొండ బాబాయిగారు పూరణ పంపకుండా తప్పులు మాత్రమే పంపడం ఇది ఎన్నోసారో నిర్వాహకులే లెక్కపెట్టాలి.

పానగల్లు: స్లైడరు సంగతి మళ్లీ తవ్వినందుకు బాబాయిగారికి దండం. సున్న తొందరకు మందు మాత్రం చెబుతాను: రౌండ్ బదులు సీల్ (పై పూర్ణాంకానికి లాగేది) పెడితే పది మొదలు ఒకటి దాకా ఒక్కో అంకె నిండు సెకను నిలిచి, సున్న సరిగ్గా పదో సెకనుకు పడుతుంది. ఫ్లోర్ (కింది పూర్ణాంకానికి దించేది) పెడితే పది ఒక్క ఫ్రేము మెరిసి పోతుంది, సున్న ఏకంగా సెకను ముందే వచ్చి కూర్చుంటుంది. అప్పుడు నా పద్యంలో "అరసెకన్" కూడా అబద్ధమే.

నిర్వాహకుడు: ధారలో పానగల్లువారిది, విరుపులో పాలమూరువారిది మేలు, నా ఓటు విరుపుకే. వచ్చే వారం పాదం: "ఒకటి తగ్గినంత నొకటి పెరిగె". దేవరకొండవారు ఈసారి పద్యంతోనే రావాలి.