అప్‌డేట్: మాక్ టెస్టులో తమ్ముడి బుర్ర మొద్దుబారిపోవడం గురించి

సెకండ్ ఇంటర్ ఎంపీసీ చదివే తమ్ముడు ఇంట్లో చేసిన లెక్కలే జేఈఈ మెయిన్ మాక్‌లో చేయలేకపోతున్నాడని, నిద్ర పట్టట్లేదని ఆగస్టులో అడిగాను. ఇప్పుడు కుదుటపడ్డాడు. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

జ్ఞాపకశక్తి లోపం కాదు. పరీక్ష భయం, దానికి తోడు నాలుగున్నర గంటల నిద్ర అని సైకాలజిస్టు తేల్చారు. థైరాయిడ్ నార్మల్. మెమరీ సిరప్ దండగ.

బాగా పనిచేసింది ఇక్కడ ఒకరు చెప్పిన రౌండ్ల పద్ధతి. 75 ప్రశ్నలు, 180 నిమిషాలు. మొదటి గంటలో చూడగానే దారి తెలిసినవే చేయాలి, రెండు నిమిషాల్లో కదలకపోతే మార్క్ చేసి వదిలేసి, తర్వాతి రౌండ్లో చూసుకోవాలి. మొదటి ప్రశ్న దగ్గరే పావుగంట ఇరుక్కుపోవడం వల్లే వాడికి చెమటలు పట్టేవి. దడ మొదలైతే పెన్ను పక్కన పెట్టి, నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలడం, ఐదుసార్లు. ఇంట్లో రోజూ చేస్తేనే హాల్లో గుర్తొస్తుంది.

రాత్రి 11కల్లా పడక, సాయంత్రం 5 తర్వాత టీ బంద్. నిద్ర దారికి రావడానికి మూడు వారాలు పట్టింది. మార్కుల వాట్సాప్ గ్రూపులోంచి నాన్నను కూడా బయటికి తెచ్చాం, నా దృష్టిలో ఇది తప్పనిసరి.

మెయిన్‌లో రెండు సెషన్లు రాస్తే మెరుగైన స్కోరే లెక్క, ఎప్‌సెట్‌లో నెగెటివ్ మార్కుల్లేవు. ఇవి రాసి గోడకు అంటించాం.

ఎవరికైనా తట్టుకోలేనంతగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు.