పాత సీజే3బీ జీపు ఇంజిన్: వాకిట్లో విప్పడమా, షెడ్డుకి తోలడమా?

చింతపల్లి ఘాట్:
అందరికీ నమస్తే. మా తాతగారి మహీంద్రా సీజే3బీ, 1967 మోడల్, పెట్రోలు బండి. కాఫీ తోటకి తిరిగింది. ఆయన పోయాక ఆరేళ్ళు షెడ్డులో పడుకుంది. మొన్న సంక్రాంతికి లేపాం. స్టార్టవుతుంది కానీ ఐడిలింగ్‌లో మిస్ కొడుతోంది. లంబసింగి ఘాట్ ఎక్కాలంటే ఉన్న మూడు గేర్లలో మొదటిదే గతి. ఆయిల్ మాత్రం చుక్క తాగడం లేదు, పైగా గీత కంటే కాస్త పైనే ఉంటోంది, అదొక్కటే సంతోషం.

విశాఖలో ఒక మెకానిక్‌కి చూపిస్తే సైలెన్సరు దగ్గర అరచెయ్యి పెట్టి, "బోరు (సిలిండరు లోపలి గోడ) పోయింది, ఇంజిన్ దించాలి, 90 వేలు" అన్నాడు. అంత పెట్టేకన్నా డీజిల్ ఇంజిన్ వేయించుకోమని సలహా కూడా ఇచ్చాడు. మా బావేమో ఆ డబ్బులో సగంతో సామాన్లు కొనుక్కుని మన వాకిట్లోనే విప్పుదాం అంటున్నాడు. బావ బైకు ఇంజిన్లు విప్పిన మనిషి. నేను పంచరు దాకా. నాన్న మాత్రం "విప్పితే మళ్ళీ బిగించేది ఎవర్రా" అని ఒకటే మాట. మీరేమంటారు?

పానాల పెట్టె:
విప్పండి. ఇంట్లో విప్పడానికి ఇంతకంటే మంచి ఇంజిన్ దొరకదు. కంప్యూటర్ లేదు, సెన్సర్ లేదు, టైమింగ్ బెల్టు కూడా లేదు, గేర్లే. అంతా పోత ఇనుము. విల్లీస్ వాళ్ళు 1953లో ఈ బండి తెచ్చిందే ఈ ఇంజిన్ కోసం. గాలి, పెట్రోలు లోపలికి వదిలే ఇన్‌లెట్ వాల్వులు పైన హెడ్డులో, పొగ బయటికి వదిలే ఎగ్జాస్టు వాల్వులు కింద బ్లాకులో ఉంటాయి. దాంతో ఇంజిన్ ఎత్తు పెరిగి, పాత బానెట్ కింద పట్టక, బానెట్‌నే పైకి లేపారు. మీ తాతగారి బండి ముక్కు అంత ఎత్తుగా ఉండేది అందుకే.

నాది ఇదే ఇంజిన్. సైనిక్‌పురిలో మా పోర్టికోలో విప్పి బిగించాను. మొత్తం 41 వేలు, నాలుగు నెలల ఆదివారాలు. విప్పిన ప్రతి నట్టునీ మజ్జిగ ప్యాకెట్ కవర్లో వేసి పేరు రాసి పెట్టుకోండి. అంతే రహస్యం.

ఆటోనగర్ అబ్బాయి:
పానాల పెట్టె గారూ, ఒక్క ప్రశ్న. బోరు మీ పోర్టికోలోనే కొట్టారా? క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) అక్కడే గ్రైండ్ చేశారా?

పానాల పెట్టె:
లేదండీ, ఆ రెండూ లేత్ షాపుకి పంపాను. ఎవరైనా అదే చేస్తారు కదా.

ఆటోనగర్ అబ్బాయి:
మరి "ఇంట్లో చేశాను" అని ఎలా రాస్తారు? మా నాన్నగారిది గాజువాక ఆటోనగర్‌లో లేత్, నేను పుట్టక ముందు నుంచి. ఇలా "ఇంట్లో చేసిన" ఇంజిన్లు గోనెసంచుల్లో మా దగ్గరికి వస్తుంటాయి. విప్పడం ఎవడైనా విప్పుతాడు. కొలవడం అసలు పని. బోరు పైనుంచి కిందకి ఒకేలా అరగదు. పై రింగు తిరిగే చోట ఎక్కువ అరుగుతుంది, పైగా గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. అది కంటికి కనపడదు, వేలికి అందదు. బోరు గేజి పెడితే ఎన్ని థౌ (అంగుళంలో వెయ్యో వంతు) పోయిందో తెలుస్తుంది. బోరు పెద్దది చేసి ట్వంటీ థౌ లావు పిస్టన్లు వెయ్యాలా థర్టీ వెయ్యాలా, అసలు బ్లాకులో ఇంకా మాంసం ఉందా అన్నది ఆ కొలతే చెబుతుంది.

పానాల పెట్టె:
పిండి మిల్లులో పట్టించుకొచ్చి ఇడ్లీ వేస్తే అది ఇంట్లో చేసిన ఇడ్లీ కాదా అండీ?

ఆటోనగర్ అబ్బాయి:
పిండి తేడా వస్తే ఇడ్లీ గట్టిగా వస్తుంది, చట్నీ ఎక్కువేసుకుని తినేస్తాం. బేరింగు క్లియరెన్సు తేడా వస్తే కనెక్టింగ్ రాడ్డు బ్లాకు చీల్చుకుని బయటికొస్తుంది.

ముగ్గు చోటు:
నేను జీపు మనిషిని కాదు, జీపు మనిషి భార్యని. ఈ చర్చలో మా వారు లేరు కాబట్టి ధైర్యంగా రాస్తున్నా. "రెండు ఆదివారాలు" అని మొదలుపెట్టారు. మా వాకిట్లో ఆ ఇంజిన్ పద్నాలుగు నెలలుంది. రెండు సంక్రాంతులు దాని చుట్టూ ముగ్గు వేశాను. కిరోసిన్ వాసన కర్టెన్లకి పట్టింది. నా పెద్ద ఇడ్లీ పాత్రలో కార్బురేటరు మరిగించారు. చివరికి ట్రాలీ ఆటోలో షెడ్డుకే వెళ్ళింది. సగం విప్పిన ఇంజిన్‌కి మెకానిక్ ఎక్కువ అడుగుతాడట, ఎవడో విప్పినది బిగించడం వాళ్ళకి చిరాకట. ఆ లెక్క కూడా వేసుకోండి.

ఆటోనగర్ అబ్బాయి:
మేడమ్ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఎవడో విప్పిన ఇంజిన్ వస్తే మేమూ రేటు పెంచుతాం. ఏది పోయిందో, ఏది తారుమారయిందో మాకు తెలియదు కదా.

పానాల పెట్టె:
ఇడ్లీ పాత్ర విషయంలో మీ వారిదే తప్పు. కానీ షెడ్డులో పెడితే మాత్రం పద్నాలుగు నెలలు పట్టదని గ్యారంటీ ఏమైనా ఉందా? నా మొదటి జీపు ఒక షెడ్డులో ఏడాది ఎండకి ఎండింది. వెళ్ళినప్పుడల్లా "పార్టు రావాలి సార్". చివరికి తెచ్చుకుని చూస్తే నా కొత్త రేడియేటరు బదులు ఎవరిదో అతుకులది బిగించి ఉంది. అప్పుడే నా పానాలు నేను కొనుక్కున్నాను. నా వాదన డబ్బు గురించి కాదు. ఇంత పాత బండి దారిలో ఎక్కడైనా ఆగుతుంది. లోపల ఏముందో తెలిసినవాడు అయితే ఘాట్ మధ్యలో కూడా ఏదోలా కదిలిస్తాడు. తెలియనివాడు ఫోను సిగ్నల్ వెతుక్కుంటాడు.

నల్లకోటు డ్రైవరు:
డీజిల్ ఇంజిన్ సలహా గురించి ఎవరూ మాట్లాడలేదు, అదొక్కటి చెప్పి వెళ్తాను. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చదువుకోండి. ఆర్‌సీలో ఉన్న వివరాలకి బండి తేడా రాకూడదు. పెట్రోలు బండికి డీజిల్ ఇంజిన్ వేస్తే ఇంజిన్ నంబరూ మారుతుంది, ఇంధనమూ మారుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా మార్చడం కుదరదనే చెప్పింది. రీ-రిజిస్ట్రేషన్‌కి వెళ్ళినప్పుడు ఇన్‌స్పెక్టరు నంబరు గీసి చూస్తే అక్కడే ఆగిపోతారు. ప్రమాదం జరిగిందా, బీమా కంపెనీకి చేతికి సాకు ఇచ్చినట్టే. ఉన్న ఇంజినే బాగుచేసుకుంటే ఈ తలనొప్పి లేదు. వాకిట్లోనా షెడ్డులోనా అన్నది చట్టం అడగదు.

ఎడారి జీపు:
అరిజోనా నుంచి. నా దగ్గర 1959 సీజే3బీ ఉంది, అదే ఇంజిన్. రోగికి జ్వరం ఉందో లేదో చూడకుండా ఆపరేషన్ ఇంట్లోనా ఆస్పత్రిలోనా అని కొట్టుకుంటున్నారు మీరు. చింతపల్లి తమ్ముడూ, కంప్రెషన్ (సిలిండరులో గాలి నొక్కుకునే ఒత్తిడి) చూశారా? అరచెయ్యితో కాదు, గేజితో.

ఇంజిన్ వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసేయండి. కాయిల్ వైరు పీకేయండి. ఒకరు యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి పట్టుకుని సెల్ఫ్ కొట్టాలి, ఒక్కో సిలిండరుకి ఐదారు తిప్పులు. ఈ ఇంజిన్‌కి మాన్యువల్ 120 నుంచి 130 పీఎస్‌ఐ అంటుంది. ఏ సిలిండరు తక్కువగా ఉంటే దాని ప్లగ్గు కంతలో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడండి. ముల్లు బాగా పెరిగితే రింగులో బోరో పోయినట్టు. పెరగకపోతే గాలి వాల్వుల దగ్గరో గ్యాస్కెట్ దగ్గరో పోతోంది. పక్కపక్కన రెండు సిలిండర్లు కలిసి తక్కువ చూపిస్తే గ్యాస్కెట్‌ని అనుమానించాలి.

పనిలో పనిగా పానాల మాట. ఈ బండి బోల్టులన్నీ అంగుళాల లెక్కవి. మీ బావ గారి బైకు పానాలు మిల్లీమీటర్లవి అయివుంటాయి. అర అంగుళం తలకి 13 నంబరు పడుతుంది, పట్టినట్టే ఉండి జారి మూలలు అరగదీస్తుంది. ముందు అంగుళాల సెట్టు కొనండి.

ఆటోనగర్ అబ్బాయి:
అమెరికా అన్న అడిగింది సరైన ప్రశ్న, నేనే ముందు అడగాల్సింది. ఇంకోటి. మొదటి పోస్టు మళ్ళీ చదివా. ఆయిల్ గీత కంటే పైనే ఉంటోంది అన్నారు. తమ్ముడూ, అది సంతోషపడే విషయం కాదు. ఆయిల్ పుల్ల బయటికి తీసి వాసన చూడు.

చింతపల్లి ఘాట్:
చూశాం అన్నా. పెట్రోలు వాసన గుప్పుమంది! వేళ్ళ మధ్య రుద్దితే నీళ్ళలా ఉంది.

ఆటోనగర్ అబ్బాయి:
ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్ చిరిగింది. ఈ బండికి పంపు ఇంజిన్ పక్కనే ఉండి క్యామ్‌తో కొట్టుకుంటుంది. లోపలి పొర చిరిగితే పెట్రోలు కార్బురేటరుకి పోవాల్సింది సంపులోకి, అంటే కింద ఆయిల్ ఉండే తొట్టిలోకి కూడా కారుతుంది. ఆరేళ్ళు ఎండిన రబ్బరు, పైగా ఇప్పటి పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. పాత రబ్బరుకి అది పడదు. ఈ ఆయిల్‌తో ఇంక ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు, బేరింగులు పోతాయి. పంపు కిట్టు వేసి, ఆయిల్, ఫిల్టరు మార్చి, అప్పుడు గేజి పెట్టు. ఈ పని వాకిట్లోనే చేసుకో, దీనికి నేను అడ్డు చెప్పను.

పానాల పెట్టె:
ఈ ముక్క స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను.

చింతపల్లి ఘాట్:
(పది రోజుల తర్వాత) ఆలస్యానికి క్షమించండి, అంగుళాల పానాలు విశాఖ పూర్ణా మార్కెట్ దాకా వెళ్ళి తెచ్చాం. పంపు కిట్టు వేశాం, ఆయిల్ మార్చాం. రీడింగులు ఇవిగో:

ఒకటి 116, రెండు 112, మూడు 68, నాలుగు 114.

మూడోదాంట్లో చెంచా ఆయిల్ పోస్తే 72.

బావ ఈ అంకెలు నాన్నకి చూపించి "బోరు బాగానే ఉంది మావయ్యా" అన్నాడు. నాన్న కళ్ళజోడు పెట్టుకుని గేజి వైపు చాలాసేపు చూశారు. ఏమీ అనలేదు.

పానాల పెట్టె:
90 వేల బోరు అట! మూడో వాల్వు. హెడ్డు దించండి, రెండు గంటల పని.

ఆటోనగర్ అబ్బాయి:
అరచేతి మెకానిక్ ఎవరో నాకు తెలిసే ఉంటుంది, పేరు మాత్రం రాయకండి. కానీ పానాల పెట్టె గారూ, రెండు గంటలని ఊరించకండి. చెడింది ఎగ్జాస్టు వాల్వయితే అది హెడ్డులో లేదు, బ్లాకులో ఉంది. హెడ్డు లేత్‌కి పంపినట్టు బ్లాకు పంపలేం, వాల్వు కూర్చునే సీటు కటింగ్ బండి మీదే చెయ్యాలి. స్ప్రింగు నొక్కి వాల్వు లాకులు తీసేటప్పుడు చెయ్యి వణికిందా, అరకాసంత లాకు ఆయిల్ దిగే కంతలోంచి సంపులో పడుతుంది. దానికోసం సంపు దించాలి. ముందే ఆ కంతల్లో గుడ్డ కుక్కాలని ఎంతమందికి తెలుసు?

ఎడారి జీపు:
ఇద్దరూ ఆగండి, ఇంకా ఏమీ దించొద్దు. ముందు ట్యాపెట్ గ్యాపు, అంటే వాల్వుకీ దాన్ని తోసే ముక్కకీ మధ్య సందు చూడండి. సీటు అరిగేకొద్దీ వాల్వు లోపలికి దిగుతుంది, గ్యాపు మూసుకుపోతుంది. గ్యాపు సున్నా అయితే వాల్వు పూర్తిగా కూర్చోదు, గాలి లీకవుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్‌కి 18 థౌ, ఎగ్జాస్టుకి 16 థౌ. ఎగ్జాస్టువి చూడాలంటే పక్క ప్లేటు విప్పాలి. మానిఫోల్డు అడ్డం వస్తుంది, మోచేతులు గీసుకుపోతాయి, తప్పదు.

ఒకవేళ హెడ్డు దించాల్సి వస్తే ఇది గుర్తుంచుకోండి. బోల్టులన్నీ తీసినా హెడ్డు కదలదు. కార్బురేటరు తీసి, అది కూర్చున్న గొంతులోకి టార్చి వేసి చూస్తే అక్కడ ఒక హెడ్డు బోల్టు దాక్కుని ఉంటుంది. అది తెలియక నేను గడ్డపారతో ఎత్తబోయి అంచు పగలగొట్టుకున్నాను. మా ఆవిడ ఆ ముక్కని పేపర్ వెయిట్‌గా వాడుతోంది.

ముగ్గు చోటు:
ఆవిడకి నా నమస్కారాలు చెప్పండి.

చింతపల్లి ఘాట్:
ట్యాపెట్లు చూశాం. మూడో ఎగ్జాస్టులో 16 కాదు కదా, సెట్టులో ఉన్న అన్నిటికంటే పల్చటి రేకు కూడా దూరలేదు. బావ రెండు పానాలు పట్టుకుని సర్దాడు, నేను టార్చి పట్టాను. సర్ది, ఇంజిన్ వేడెక్కించి మళ్ళీ గేజి పెడితే 68 కాస్తా 97 అయింది. మిస్సింగ్ దాదాపు పోయింది. నిన్న లంబసింగి రెండో గేరులో ఎక్కాం. నాన్న ముందు సీట్లో కూర్చుని దారంతా తాతయ్య కబుర్లు.

ఆటోనగర్ అబ్బాయి:
97 దగ్గర ఆగిందంటే వాల్వు అంచు కొంచెం కాలి ఉంటుంది. ఇప్పుడు నడుస్తుంది, మళ్ళీ జారుతుంది. ఎప్పటికైనా ఆ వాల్వు మార్చి సీటు కట్ చెయ్యాలి.

పానాల పెట్టె:
వాకిట్లోనే కదా?

ఆటోనగర్ అబ్బాయి:
వాకిట్లోనే అనుకోండి. కానీ కటర్ పట్టే చెయ్యి తెలిసిన చెయ్యి అయివుండాలి. సీటు ఒకసారి ఎక్కువ కోస్తే వెనక్కి రాదు.

చింతపల్లి ఘాట్:
వానలు తగ్గాక హెడ్డు దించుతాం. పిస్టన్ల జోలికి, క్రాంకు జోలికి పోం. కంతల్లో గుడ్డలు కుక్కుతాం, గొంతులో బోల్టు ముందే తీస్తాం. ఆటోనగర్ అన్నా, సీటు కటర్ ఎక్కడైనా అద్దెకి దొరుకుతుందా?

ఆటోనగర్ అబ్బాయి:
కటర్ అద్దెకి ఎవడూ ఇవ్వడు. హెడ్డు దించి ఫోటో పెట్టు, ఆదివారం చూసుకుని నేనే పట్టుకొస్తా. నర్సీపట్నం బస్టాండుకి మీ బావని బైకు వేసుకుని రమ్మను.