బౌద్ధ క్షేత్రాల రోజులో మార్కెట్లకు చోటుండాలా, అక్కరలేదా?

భీమిలి బాటసారి (చర్చ ప్రారంభించినవారు)

డిసెంబరు నెలాఖరున మా బంధువులు కొందరు హైదరాబాదు నుంచి విశాఖపట్నం వస్తున్నారు. వారిలో మోకాళ్ల నొప్పులున్న పెద్దలూ ఉన్నారు, ఇంటర్మీడియట్ చదివే పిల్లలూ ఉన్నారు. గైడుతో కలిపి ఒక రోజు యాత్రకు ఒక నిర్వాహకుడు పంపిన పథకం ప్రకారం బౌద్ధ క్షేత్రాలున్న కొండలైన ఉదయం తొట్లకొండ, ఆ వెంటనే బావికొండ, భోజనం తరువాత అనకాపల్లి దగ్గరి బొజ్జన్నకొండ, తిరిగి వచ్చాక సాయంత్రం పూర్ణా మార్కెట్, కురుపాం మార్కెట్, చివరగా ఒక హస్తకళల దుకాణం చూపిస్తారు. మార్కెట్లు తీసేసి ఆ సమయం కూడా కొండలకే ఇవ్వాలని మా బావగారు పట్టుబడుతున్నారు. కైలాసగిరి, జలాంతర్గామి మ్యూజియం చూసి రైలెక్కేవారికి ఈ ఊరివాళ్లు ఏం కొంటారో, ఏం వండుకుంటారో ఎప్పటికీ తెలియదు కనుక మార్కెట్ ఉండి తీరాలని నేనంటున్నాను. సభ్యులు కారణాలతో సహా తమ అభిప్రాయం చెప్పగలరు.

ఇటుకల లెక్క

నాది మీ బావగారి పక్షం. ఒక పూటలో తొట్లకొండ, బావికొండ రెండూ అయిపోతాయని రాసినవారికి అక్కడ ఏముందో తెలియదని నా అనుమానం. నౌకాదళం 1976లో జరిపిన వైమానిక సర్వేలో తొట్లకొండ వెలుగులోకి వచ్చింది. 1988 నుంచి 1993 వరకు రాష్ట్ర పురావస్తు శాఖ జరిపిన తవ్వకాల్లో మహాస్తూపం, చైత్యగృహాలు (ప్రార్థనా మందిరాలు), భిక్షువుల గదుల వరుసలు, సమావేశ మందిరం, వంటశాల, భోజనశాల, అంటే ఒక పూర్తి ఆవాసం బయటపడింది. అందులో స్తూపం ముందు ఫొటో దిగి వెనుదిరిగేవారే ఎక్కువ. రాతిలో తొలిచిన తొట్ల దగ్గరకు వెళ్లి, అంచున నిలబడి, లోపలి గోడల మీద ఉలి నడిచిన గాట్లు చూస్తే గానీ, వానాకాలమంతా ఒకేచోట ఉండిపోయే భిక్షువులు కొండ మీద నీటికి ఏం ఏర్పాటు చేసుకున్నారో బుర్రకెక్కదు. 2019 అక్టోబరు వానలకు మహాస్తూపంలో కొంత భాగం కూలిపోగా తరువాత తిరిగి కట్టారు. ఇప్పుడు కళ్లకు కనిపించేదానిలో పాత కట్టడమెంత, పునర్నిర్మాణమెంత అని విడదీసి చెప్పలేని గైడు మనకెందుకు? బావికొండలో 1980లలో జరిగిన తవ్వకాల్లో ఒక పాత్రలో దొరికిన ఎముక ముక్కను బుద్ధుని ధాతువుగా, అంటే పవిత్ర అవశేషంగా భావిస్తారు. అంతటి విషయాన్ని, సాయంత్రం మార్కెట్ తప్పిపోతుందన్న తొందరలో, బస్సు హారన్ల మధ్య వినిపించడం న్యాయం కాదు.

పాత పోస్టాఫీసు వీధి

భిక్షువులు కొనలేదు, అమ్మలేదు గనుక వారి కొండలకు వెళ్లే రోజున మార్కెట్ ఎందుకంటారేమో. మరి వారిని పోషించిందెవరు? మీరు చెప్పిన తొట్లకొండ మీదనే శాతవాహనుల నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికాయి. సముద్రం కనిపించే కొండల మీద, రేవులకు పోయే దారులకు దగ్గరగా ఇన్ని విహారాలు వెలిశాయంటే వర్తకుల చేయి లేకుండా అది సాధ్యం కాదు. సరుకు ఓడెక్కించినవాడే స్తూపానికి దానం ఇచ్చాడు. అలాంటప్పుడు మార్కెట్‌ను యాత్రకు అంటిన మైలగా చూడటం నాకు విడ్డూరంగా ఉంది.

పూర్ణా మార్కెట్ గురించి కూడా ఒక మాట. అక్కడ అలంకారం ఏమీ లేదు. ఎండుమిర్చి ఘాటుకు తుమ్ముకుంటూ, నెత్తిన మూటలతో వచ్చే కూలీలకు పక్కకు తప్పుకుంటూ, పసుపుకొమ్ములూ చింతపండూ బేరమాడుతున్న గృహిణుల వెనుక నిలబడి చూడవలసిన చోటది. మాల్‌లో పెరిగిన పిల్లలకు అదే పెద్ద పాఠం. అయితే డిసెంబరు నెలాఖరు అంటున్నారు గనుక పంచాంగం ఒకసారి చూసుకోండి. మార్గశిర గురువారం పడిందంటే బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనానికి వచ్చే భక్తులతో పాత ఊరు కిక్కిరిసిపోతుంది, మీ వాహనం అంగుళం కదలదు.

ఇటుకల లెక్క

గుప్పెడు నాణేలు చూపించి పూర్ణా మార్కెట్ దాకా లాగడం వాదనలో చమత్కారమే తప్ప చరిత్ర కాదు. ఆ వర్తకం కథ చెప్పడానికి తగిన చోటు కింద బంగాళాఖాతం కనిపించే ఆ కొండ కొమ్మే. చింతపండు బస్తా పక్కన నిలబెట్టి రోమన్ నాణెం గురించి చెబితే పిల్లలకు రెండూ గుర్తుండవు. మార్కెట్ చూడవద్దని నేననలేదు. దానికి గైడు ఎందుకు, ఈ రోజే ఎందుకు అన్నదే నా ప్రశ్న.

గైడు పని చేసేవాడిని

ఇద్దరూ పెద్ద మాటలే చెప్పారు గాని గడియారం వైపు ఎవరూ చూడలేదు. కొండల మీద నీడ తక్కువ, డిసెంబరులో కూడా పదకొండు దాటితే పెద్దవాళ్లకు రాతి వేడి తెలుస్తుంది. అందుకని కొండలకు ఉదయం కావాలి. కూరగాయల మార్కెట్‌కు ప్రాణం ఉండేదీ ఉదయమే. ఒకే ఉదయాన్ని రెండింటికీ ఇవ్వలేము గనుక నిర్వాహకులు మార్కెట్‌ను సాయంత్రానికి నెడతారు, అప్పటికి జనం అలసి వాహనం దిగబోమంటారు. పైగా ఈ పథకంలో దిక్కులే కుదరలేదు. తొట్లకొండ, బావికొండ ఊరికి ఉత్తరాన భీమిలి దారిలో సుమారు 16 కిలోమీటర్లు, బొజ్జన్నకొండ దానికి ఎదురుదిక్కున సుమారు 40 కిలోమీటర్లు. మధ్యలో గాజువాక ట్రాఫిక్ ఉండనే ఉంది. మీ బంధువులు స్తూపాల కంటే కిటికీ అద్దాన్నే ఎక్కువసేపు చూస్తారు.

ఇక ఆ చివరి దుకాణం సంగతి. అలాంటి దుకాణాలు కొన్ని అమ్మకంలో డ్రైవరుకూ గైడుకూ వాటా ఇస్తాయి. అది మార్కెట్ చూపించడం కాదు. అయితే గైడు రుసుమును సగానికి సగం తెగబేరమాడి, ఆ పైన దుకాణానికి ఎందుకు తీసుకువెళ్లావని కోప్పడేవారిని కూడా నేను రోజూ చూస్తున్నాను. ఏటికొప్పాక లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నిజంగా ఆసక్తి ఉంటే అనకాపల్లి దాటి ఆ ఊరికే వెళ్లి, అంకుడు కర్ర మీద లక్క పట్టిస్తున్న చేతుల నుంచే కొనుక్కోవచ్చు.

శారద నది ఒడ్డున

అనకాపల్లిని భోజనం తరువాతి కాలక్షేపంగా పెట్టిన ఆ పథకాన్ని చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బొజ్జన్నకొండ పేరు రాశారు గాని పక్కనే ఉన్న లింగాలకొండను వదిలేశారు. ఆ కొండరాతినే చెక్కి, పెద్దవీ చిన్నవీ అంచెలంచెలుగా నిలిపిన ఏకశిలా స్తూపాల వరుసలు చూడకపోతే ఈ కొండలున్న శంకరం ఊరికి వెళ్లినట్టే కాదు. బొజ్జన్నకొండ గుహలో పదహారు స్తంభాల మధ్య రాతి స్తూపం ఉంది, గుహల గోడల మీద బుద్ధ విగ్రహాలున్నాయి. 20వ శతాబ్దం తొలి దశకంలో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రే తవ్వకాలు జరిపేదాకా ఇది బౌద్ధ స్థలమన్న ఎరుక చుట్టుపక్కల లేదు. కనుమనాడు జనం అక్కడికి తీర్థంలా వచ్చి, ఒక బొజ్జ విగ్రహాన్ని రాక్షసుడనుకుని రాళ్లు రువ్వే ఆచారం కూడా ఉండేది. గైడు చెప్పవలసినవి ఇలాంటివి.

మార్కెట్ కావాలన్నవారికి మా బెల్లం మార్కెట్ ఉండగా పూర్ణా మార్కెట్ దాకా ఎందుకు? సంక్రాంతికి ముందు నుంచే కొత్త బెల్లం వస్తుంది. ఉదయం వేలం వేళకు వెళితే దిమ్మలను వరుసగా పేర్చి, రంగు చూసి ధర కడుతుంటారు, కళాసీలు వాటిని అలవోకగా భుజాలకెత్తుతుంటారు. తెల్లగా మెరిసే దిమ్మకు రంగు రావడానికి హైడ్రోస్ అనే రసాయనం కలిపి ఉండవచ్చనీ, నల్లగా ఉన్నదాన్ని చులకన చేయకూడదనీ అక్కడే తెలుస్తుంది. వేలం చూసి, ఎండ ముదరకముందే కొండకు వెళ్లిపోవచ్చు. అప్పుడు మార్కెట్‌కూ కొండకూ పేచీయే ఉండదు.

కోడలి తరఫున

పెద్దవాళ్ల మోకాళ్ల మాట ఎవరూ ఎత్తలేదు. తొట్లకొండ పైదాకా వాహనం వెళుతుంది. బొజ్జన్నకొండకు మెట్లు ఎక్కక తప్పదు. మా అత్తగారు సగం మెట్లెక్కి, అక్కడే కూర్చుని, "మీరు వెళ్లి రండమ్మా" అన్నారు.

భీమిలి బాటసారి

అందరికీ కృతజ్ఞతలు. లింగాలకొండ మాట వినగానే మా బావగారు అనకాపల్లి వైపు మొగ్గారు, బెల్లం వేలం అనేసరికి నాకూ అభ్యంతరం లేకపోయింది. ఆ రోజంతా అటే ఉంచి, హస్తకళల దుకాణం తీసేయించి, అందుకు బదులు గైడు రుసుము పెంచి ఇస్తామని నిర్వాహకుడికి రాశాను. పూర్ణా మార్కెట్‌కు మరో ఉదయం పిల్లలను నేనే నడిపించుకు వెళతాను.

ఇటుకల లెక్క

దుకాణం పోయినందుకు సంతోషం. కాని తొట్లకొండను వదిలేయడాన్ని నేను ఒప్పుకోను. మెట్లెక్కలేని పెద్దలకు అనువైన కొండను తీసేసి మెట్ల కొండను ఉంచారు. వారిని ఆ రోజు భీమిలి దారికి పంపి, మిగిలినవారు అనకాపల్లి వెళితే ఏమవుతుంది?

శారద నది ఒడ్డున

రెండు వాహనాల ఖర్చు అవుతుంది, అంతే కదా. ఒకటి మాత్రం మరువకండి. బెల్లం మార్కెట్‌కు సెలవు రోజులుంటాయి, పండుగ ముందు సరుకు వరద కూడా ఉంటుంది. తేదీ ఖాయం చేసుకునే ముందు అక్కడి వర్తకులెవరినైనా ఫోనులో అడిగి, ఆ రోజు వేలం ఉందో లేదో తెలుసుకోండి.