సీసీఎస్1 కారుకు ఎన్‌ఏసీఎస్ అడాప్టర్: దూర ప్రయాణంలో ఏమేం చూసుకోవాలి?

దారిబత్తెం (ప్రశ్న)

నమస్కారం అండి. ఎలక్ట్రిక్ కారు 2023 మోడల్, సీసీఎస్1 పోర్ట్ (ఉత్తర అమెరికాలో టెస్లాయేతర కార్లకు ఉండే ఫాస్ట్ చార్జింగ్ సాకెట్), 400 వోల్టుల తరగతి బ్యాటరీ. నాలుగు రోజుల ప్రయాణం. దారిలో కనిపించే ఫాస్ట్ చార్జర్లలో సగానికి పైగా టెస్లా సూపర్‌చార్జర్లే. వాటి ప్లగ్ ఎన్‌ఏసీఎస్ రకం. కారు కంపెనీ వాళ్ల ఎన్‌ఏసీఎస్–సీసీఎస్1 డీసీ అడాప్టర్ చేతిలో ఉంది. దాని మీద 500 ఆంపియర్లు, 1000 వోల్టులు అని అచ్చు వేసి ఉంది. ఇది కాక ఎన్‌ఏసీఎస్–జే1772 (ఏసీ చార్జింగ్ ప్లగ్) చిన్న అడాప్టర్ కూడా ఒకటి ఉంది.

తెలుసుకోవాలనుకున్నవి ఇవి. ఏ సూపర్‌చార్జర్ పనిచేస్తుందో, ఏది పనిచేయదో ముందుగా ఎలా తెలుస్తుంది? తగిలించేటప్పుడు, తీసేటప్పుడు ఏది ముందు, ఏది వెనక? అడాప్టర్ ఎంత వేడెక్కితే కంగారు పడాలి? చిన్న అడాప్టర్‌ను అవసరానికి డీసీ దగ్గర వాడొచ్చా?

రాగికమ్మి

చివరి ప్రశ్నకు ముందు జవాబు: వాడకూడదు, ఏ పరిస్థితిలోనూ. ఎన్‌ఏసీఎస్‌లో ఉన్న రెండు పెద్ద పిన్నుల మీదుగానే ఏసీ వస్తుంది, డీసీ కూడా వస్తుంది. అందుకే సూపర్‌చార్జర్ గన్ (కేబుల్ చివరి ప్లగ్) ఆ చిన్న అడాప్టర్‌లోకి చూడ్డానికి దూరిపోయేలా అనిపిస్తుంది. చిన్నది హోటళ్ల దగ్గర గోడకు బిగించిన టెస్లా ఏసీ చార్జర్ల కోసం. దాని లోపలి రాగి కొన్ని పదుల ఆంపియర్లకు సరిపడేదే. ఇక పెద్ద డీసీ అడాప్టర్‌తో ఏసీ చార్జర్ దగ్గర పని జరగదు, ఎందుకంటే ఏసీ కరెంటును కారులోని ఏసీ పిన్నులకు చేర్చే దారి అందులో లేదు. కాబట్టి రెండూ వెంట ఉండాలి, వేర్వేరు సంచుల్లో. చీకట్లో ఒకటి అనుకుని ఇంకొకటి తీయకుండా చిన్నదానికి రంగు టేపు చుట్టండి.

స్టేషన్ల సంగతి. మీ అడాప్టర్‌లో మెదడు లేదు. రెండు లావు రాగి దిమ్మెలు, మూడు సన్నటి పిన్నులు, ఒక ఉష్ణోగ్రత సెన్సర్, ఒక కొక్కెం, అంతే. స్టేషన్ మాట్లాడే భాష, కారు మాట్లాడే భాష ఒకటే అయితేనే పని జరుగుతుంది. సీసీఎస్ కార్లు కంట్రోల్ పైలట్ అనే సన్నటి తీగ మీదే పవర్‌లైన్ సంకేతాలతో మాట్లాడతాయి. 2019లో మొదలైన వీ3 (మూడో తరం) సూపర్‌చార్జర్లు, తర్వాతి వీ4లు ఆ భాష మాట్లాడగలవు. వీ2 పాత క్యాన్ (కార్ల లోపలి భాగాలు మాట్లాడుకునే సంకేత పద్ధతి) పద్ధతిలో మాట్లాడుతుంది. దాని గన్‌ను మీ అడాప్టర్‌లో ఎంత బాగా బిగించినా పలుకు ఉండదు. టెస్లా యాప్‌లో స్టేషన్ గరిష్ఠ శక్తి 150 కిలోవాట్లు అని ఉంటే అది వీ2, దాన్ని మీ దారి నుంచి తీసేయండి. 250 కిలోవాట్లు, ఆపైన ఉన్నవాటిలో కూడా ఇతర కంపెనీల కార్లకు తెరిచినవే లెక్క. టెస్లా యాప్‌లో వేరే కంపెనీ కారు చార్జింగ్ అనే విభాగంలోకి వెళ్లి చూస్తే, అక్కడ కనిపించే స్టేషనే మీది.

ఇంకో మెలిక. భాష కలిసినా కారు కంపెనీకి అనుమతి ఉండాలి. ఫోర్డ్‌కు 2024 ఫిబ్రవరిలో, రివియన్‌కు మార్చిలో, జీఎంకు సెప్టెంబర్‌లో తెరిచారు, మిగతావి తర్వాత ఒక్కొక్కటిగా చేరాయి. మీ కంపెనీ జాబితాలో ఉందా, కారు సాఫ్ట్‌వేర్ తాజాగా ఉందా అన్నవి ఇంట్లో ఉండగానే చూసుకోండి. యాప్‌లో కార్డు వివరాలు కూడా అప్పుడే పెట్టేయండి. సిగ్నల్ లేని చోట స్టాల్ (ఒక్కో కారు చార్జ్ చేసుకునే చోటు) ముందు నిలబడి కార్డు నంబర్లు కొట్టడం అనవసరపు అవస్థ.

వేడిమి_లెక్క

వేడి గురించి, తగిలించే వరస గురించి నేను రాస్తాను.

కరెంటు దారిలో ప్రతి అతుకూ ఒక చిన్న హీటరే. మామూలుగా ఒక అతుకు ఉండే చోట అడాప్టర్ పెడితే రెండవుతాయి: గన్‌కీ అడాప్టర్‌కీ మధ్య ఒకటి, అడాప్టర్‌కీ కారుకీ మధ్య ఒకటి. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 500 ఆంపియర్లు పోతున్నప్పుడు ఒక పిన్ను దగ్గర నిరోధం 0.1 మిల్లీఓమ్ ఉంటే 25 వాట్లు పుడతాయి. దుమ్ము వల్లో, సగమే దిగడం వల్లో అదే 0.5 మిల్లీఓమ్ అయితే 125 వాట్లు. వేలెడు పిన్ను మీద 125 వాట్లంటే ఆ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ మెత్తబడటానికి చాలు. వీ3 కేబుల్‌లో చల్లదనానికి ద్రవం తిరుగుతుంది కానీ అది గన్ దగ్గరే ఆగిపోతుంది, అడాప్టర్‌లోకి రాదు. కాబట్టి అడాప్టర్‌ను ఎండలో డ్యాష్‌బోర్డు మీద పెట్టకండి. డిక్కీలో, నీడలో, మూత ఉన్న సంచిలో ఉంచండి. ముందే కాలుతున్న అడాప్టర్‌తో మొదలుపెడితే సెన్సర్ తొందరగా అడ్డుకుంటుంది.

తగిలించడం: ముందు అడాప్టర్‌ను గన్‌కు బిగించండి. టిక్ మన్న శబ్దం వినాలి, ఆ తర్వాత ఒకసారి వెనక్కి లాగి చూడాలి. ఊగులాడితే మళ్లీ తీసి పెట్టండి. అప్పుడు రెండింటినీ కలిపి కారు పోర్ట్‌లోకి తిన్నగా నెట్టండి. ఒక చేయి గన్ కింద ఆసరాగా ఉండాలి. కేబుల్ బరువుకు గన్ కిందికి వంగితే పై పిన్నులు పూర్తిగా ఆనవు.

తీయడం: యాప్‌లోనో కారు తెరమీదో చార్జింగ్ ఆపండి. శక్తి సున్నా అయిందని చూడండి. కారు అన్‌లాక్ చేయండి, పోర్ట్ లాక్ వదిలిన చప్పుడు వినబడుతుంది. అప్పుడు గన్, అడాప్టర్ రెండూ ఒకే ముక్కగా బయటికి రావాలి. ఆ తర్వాతే విడదీయాలి. మీ అడాప్టర్‌తో వచ్చిన పుస్తకంలో వేరే వరస ఉంటే పుస్తకమే ప్రమాణం.

ఇంత వరస ఎందుకంటే, కారు లాక్ పట్టుకునేది అడాప్టర్‌ను. గన్‌కీ అడాప్టర్‌కీ మధ్య అతుకు కారు లాక్‌కు అందదు. నాసిరకం అడాప్టర్లలో చార్జింగ్ నడుస్తుండగానే గన్ బటన్ నొక్కి లాగితే ఊడి వచ్చే ప్రమాదం ఉంది. ఏసీలో కరెంటు సెకనుకు వంద సార్లకు పైగా సున్నాను దాటుతుంది, కాబట్టి మెరుపు పుట్టినా తెగిపోతుంది. డీసీలో సున్నా రాదు. వందల ఆంపియర్ల మెరుపు పిన్నులు దూరం జరిగే కొద్దీ సాగుతూనే ఉంటుంది. మంచి అడాప్టర్‌లో, కారు లాక్ పడి ఉన్నంతసేపూ గన్ కూడా విడివడకుండా లోపల అడ్డు ఉంటుంది. బయట కొనేవాళ్లు ఆ అడ్డు ఉందా, యూఎల్ 2252 (ఇలాంటి అడాప్టర్ల భద్రతా ప్రమాణం) ధ్రువీకరణ ఉందా అని చూడాలి. ఈ రెండూ లేనిది ఎంత చవగ్గా వచ్చినా వద్దు. ఒకదాని చివర ఇంకో అడాప్టర్, లేదా పొడుగు తీగ తగిలించే ఆలోచనా వద్దు.

మొదటి రెండు రోజులూ ఒక అలవాటు చేసుకోండి. చార్జింగ్ అయి, బయటికి తీశాక అరచేతి వెనక వైపుతో అడాప్టర్‌ను తాకండి. వెచ్చగా ఉండటం మామూలే. రెండు సెకన్లు చేయి ఉంచలేనంతగా కాలితే తర్వాతి స్టేషన్‌లో దాన్ని వాడే ముందు పిన్నులు చూడాలి.

ఎనిమిదివందల_వోల్ట్

ఇక్కడే ఒక అనుబంధ ప్రశ్న. బ్యాటరీ 800 వోల్టుల తరగతిది. 350 కిలోవాట్ల సీసీఎస్ చార్జర్ మీద 200 దాటి వెళ్లేది, వీ3 దగ్గర 125 చుట్టూ ఆగిపోతోంది. అడాప్టర్ లోపమేనా? ఒక్కోసారి అసలు మొదలే కావడం లేదు కూడా.

రాగికమ్మి

వేగం తగ్గడం అడాప్టర్ తప్పు కాదండి. వీ3 క్యాబినెట్ (స్తంభాల వెనక ఉండి వాటికి కరెంటు పంపే పెట్టె) ఇవ్వగలిగే గరిష్ఠ వోల్టేజీ దాదాపు 500. మీ బ్యాటరీకి 700కు అటూ ఇటూ కావాలి. ఆ తేడాను కారే తన మోటారు చుట్టలు, ఇన్వర్టర్ వాడుకుని పెంచుకుంటుంది. అలా పెంచే మార్గానికి ఒక హద్దు ఉంది, హ్యుందాయ్ ఐయోనిక్ 5 లాంటి వాటిలో అది సుమారు 125 కిలోవాట్లు. 1000 వోల్టులిచ్చే వీ4 క్యాబినెట్ల దగ్గర ఆ తిప్పలు ఉండవు. అయితే వీ4 స్తంభం కనిపించినంత మాత్రాన వెనక క్యాబినెట్ కూడా వీ4ది అనుకోకండి, చాలా చోట్ల కొత్త స్తంభాలు పాత వీ3 క్యాబినెట్ మీదే నడుస్తాయి. యాప్‌లో గరిష్ఠ శక్తి అంకె చూడటమే నమ్మకమైన దారి. మీ కారుకైతే 350 కిలోవాట్ల సీసీఎస్ స్టేషన్ దారిలో ఉన్నప్పుడు అడాప్టర్ సంచిలోంచి తీయనే వద్దు.

అదే 400 వోల్టుల కారుకైతే లెక్క వేరు. 380 వోల్టుల దగ్గర 500 ఆంపియర్లు అంటే 190 కిలోవాట్లు. ప్రశ్న అడిగిన వారి కారు బ్యాటరీ అంత తీసుకోగలిగితే వీ3 ఏమీ అడ్డు రాదు.

ప్లగ్‌పరీక్ష

మొదలు కాకపోతే ఎక్కడ ఆగిందో చూసి కారణం పట్టుకోవచ్చు. చార్జింగ్ ఒక్కసారిగా మొదలవదు. ముందు కారు, స్టేషన్ పలకరించుకుంటాయి. తర్వాత ఎంత వోల్టేజీ, ఎంత కరెంటు అన్నది మాట్లాడుకుంటాయి. తర్వాత స్టేషన్ కేబుల్‌లోకి వోల్టేజీ పంపి ఇన్సులేషన్ సరిగా ఉందా అని పరీక్షిస్తుంది. ఆ తర్వాత బ్యాటరీ వోల్టేజీకి సమానం చేసుకున్నాక కారు కాంటాక్టర్లు (బ్యాటరీని కలిపే పెద్ద స్విచ్‌లు) టక్కుమని మూసుకుంటాయి. ఆ టక్కు వినిపించిందా లేదా అన్నదే మొదటి ఆనవాలు.

పెట్టిన కొద్ది సెకన్లకే విఫలమైతే పలకరింపు దగ్గరే తెగింది. ఎక్కువసార్లు కారణం సన్నటి పిన్నులు సరిగా ఆనకపోవడం. తీసి మళ్లీ పెట్టి, మొదటి అర నిమిషం గన్‌ను కొంచెం పైకెత్తి, లోపలికి నొక్కి పట్టుకోండి. యాప్‌లో సరైన స్టాల్ నంబరే నొక్కారా అన్నది కూడా చూడండి, పక్క స్టాల్‌ను నొక్కడం చాలా మామూలు పొరపాటు.

పలకరింపు అయ్యాక, టక్కు వినపడకముందే ఆగితే ఇన్సులేషన్ పరీక్షను అనుమానించండి. అడాప్టర్ లోపల తడి ఉండొచ్చు. వానలో చార్జ్ చేయడం ప్రమాదం కాదు, కానీ అడాప్టర్ నోరు పైకి పెట్టి వానలో నిలబడకూడదు. నోరు కిందికి వంచి దులిపి, పొడిగుడ్డతో అంచులు తుడిచి ఆరనివ్వండి. లోపల పిన్నుల్లోకి గుడ్డ గానీ, పుల్ల గానీ దూర్చవద్దు.

బాగా మొదలై, పది నిమిషాల తర్వాత శక్తి పడిపోతే రెండు కారణాల్లో ఒకటి. బ్యాటరీ శాతం పెరిగే కొద్దీ నెమ్మదిగా వాలితే అది కారు చార్జింగ్ వక్రం, సహజం. శాతం ఇంకా 30, 40 దగ్గరుండగానే మెట్టు దిగినట్టు ఒక్కసారిగా సగానికి పడితే ఏదో ఒక అతుకు వేడెక్కింది. పూర్తిగా ఆగిపోతే అడాప్టర్‌లోని సెన్సర్ తెంచేసి ఉండొచ్చు. వెంటనే మళ్లీ మొదలుపెట్టకండి. బయటికి తీసి, పదిహేను నిమిషాలు నీడలో ఉంచి, వేరే స్టాల్‌లో ప్రయత్నించండి. రెండు స్టాళ్లలోనూ అదే జరిగితే లోపం మీ అడాప్టర్‌లోనో కారు పోర్ట్‌లోనో ఉంది. అక్కడి నుంచి అడాప్టర్ లేకుండా సీసీఎస్ స్టేషన్లకే వెళ్లండి.

మొదటి నిమిషం నుంచే నిదానంగా ఉంటే చల్లని బ్యాటరీ కారణం. చాలా కార్లు, తమ నావిగేషన్‌లో ఆ స్టేషన్‌ను గమ్యంగా పెడితేనే బ్యాటరీని దారిలో వేడి చేసుకుంటాయి. ఫోన్‌లో దారి చూసుకుంటూ వెళ్తే కారుకు ఆ సంగతి తెలియదు. కొన్ని కార్ల నావిగేషన్ సూపర్‌చార్జర్‌ను చార్జింగ్ స్టేషన్‌గా గుర్తించదు. అలాంటప్పుడు సెట్టింగ్స్‌లో చేత్తో వేడిచేసే బటన్ ఉంటే చేరడానికి అరగంట ముందు నొక్కండి.

మూలస్టాల్

ఒక్క మాట పార్కింగ్ గురించి. వీ3 కేబుల్ పొట్టిది, టెస్లా పోర్ట్ వెనక ఎడమ వైపు ఉంటుందన్న లెక్కతో కొలిచింది. మీ పోర్ట్ వేరే చోట ఉంటే పక్క స్టాల్ కేబుల్ లాగాల్సి వస్తుంది, అప్పుడు మీ ఒక్క కారే రెండు స్టాళ్లను ఆపేస్తుంది. వీలైతే చివరి స్టాల్ పట్టుకోండి. కేబుల్ బిగుసుకుని అడాప్టర్‌ను పక్కకు లాగుతుంటే మాత్రం చార్జ్ చేయవద్దు, ఆ ఒత్తిడంతా పిన్నుల మీదే పడుతుంది. కారును ఒక అడుగు జరపండి.

చాడెమో (సీసీఎస్ కాని మరో రకం డీసీ ప్లగ్) కార్ల వాళ్లకు: ఇందులో రాసినవి మీకు వర్తించవు. చాడెమో క్యాన్ భాష మాట్లాడుతుంది, కాబట్టి సీసీఎస్‌తో కలపడానికి లోపల అనువాదం చేసే బోర్డు, ఫర్మ్‌వేర్ ఉన్న అడాప్టర్ కావాలి. ఇంటి దగ్గర రెండు మూడు రకాల స్టేషన్లలో పరీక్షించకుండా దాన్ని నమ్ముకుని బయల్దేరకండి.

దారిబత్తెం

చాలా ధన్యవాదాలు అండి. వీ2 స్టేషన్లు మూడు దారిలో ఉన్నాయి, తీసేశాను. పిన్నులు చూడాలన్నారు కదా, ఏం కనపడితే చెడ్డట్టు?

వేడిమి_లెక్క

టార్చి వేసి రెండు వైపులా చూడండి. పెద్ద పిన్నులు రెండూ ఒకే వెండి మెరుపుతో ఉండాలి. వాడకం వల్ల పడే సన్నటి నిలువు గీతలు ఫర్వాలేదు. ఒక పిన్ను మాత్రమే గోధుమ రంగుకో నీలి ఛాయకో తిరిగితే అది కాలిన గుర్తు. పిన్ను చుట్టూ ప్లాస్టిక్ అంచు గుండ్రంగా జారినా, మెరుపు తగ్గి బుడగలు లేచినా అంతే. అలాంటిదాన్ని ఇసుక కాగితంతో రుద్దకండి, పైపూత పోయి నిరోధం ఇంకా పెరుగుతుంది. పక్కన పెట్టేసి కంపెనీకి చూపించాలి. కారు పోర్ట్‌లో అదే చోట ఉన్న పిన్నును కూడా చూడండి, ఎందుకంటే కాలిన అడాప్టర్ పోర్ట్‌ను కూడా పాడుచేస్తుంది. చార్జింగ్ అయ్యాక గన్‌ను స్తంభానికి తగిలించే ముందు దాని మూతి వైపు ఒకసారి చూసుకోండి, అడాప్టర్ ఇంకా దానికే ఉండిపోయిందేమో.