మూడో తరగతికి గళ్ళ నుడికట్టు: ‘ఎర్రగడ్డ’ రాస్తే తప్పు వేయాలా?

పలకాబలపం:

చిత్తూరుకు దగ్గర్లో ఒక ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి చెప్తున్నాను. ఇరవై రెండు మంది పిలకాయలు. డిక్టేషన్ అంటేనే సగం మందికి కడుపునొప్పి మొదలవుతుంది. అందుకని శుక్రవారం చివరి పీరియడ్‌లో డిక్టేషన్ మానేసి గళ్ళ నుడికట్టు పెడుతున్నాను. గళ్ళు బోర్డు మీద నేనే గీస్తాను, వాళ్ళు లెక్కల నోటుబుక్కులో దించుకుంటారు.

మొదటిది ఊళ్ళ పేర్లతో చేశాను. అడ్డం తిరుపతి. అందులోని ‘రు’ మీదికి పైనుంచి దిగేది చిత్తూరు, మూడు గళ్ళు. రోజూ బస్సు బోర్డు మీద చూసే పేర్లే, ఇట్టే రాసేస్తారనుకున్నాను. ఒక పాప చి, తూ, రు అని రాసి ‘గళ్ళు సరిపోయినాయి మేడం’ అంది. నిజమే, సరిపోయాయి, ఒత్తు ఒక్కటే లేదు. ఇంకొకడు ‘త్’ ఒక గడిలో, ‘తూ’ ఇంకో గడిలో పెట్టి, చోటు చాలక పైన సొంతంగా ఒక గడి గీసి ‘చి’ని అక్కడ కూర్చోబెట్టాడు.

అసలు తంటా వంటింటి నుడికట్టుతో వచ్చింది. ‘కోస్తే కళ్ళ నీళ్ళు తెప్పిస్తుంది, నాలుగు గళ్ళు’ అని అడిగాను. నా జవాబు ఉల్లిపాయ. వీళ్ళు రాసింది ఎర్రగడ్డ. దానికీ నాలుగు గళ్ళే! పైగా రెండు ఒత్తులూ తప్పు లేకుండా రాశారు. మూడో గడిలోంచి నిలువుగా ‘పాలు’ రావాలి. ఎర్రగడ్డను వదలని ఒక పిల్లవాడు ‘గలు’ అని రాశాడు. గలు అంటే ఏందిరా అంటే, ‘పుస్తకంలో ఉంటుందేమో మేడం’ అన్నాడు. తప్పు వేశాను గానీ, ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది.

ఇంటి మాట రాస్తే ఒప్పుకోవాలా? ఇంకోటి, ‘మాటలు వెతుకు’ షీట్ నెట్‌లో తయారు చేద్దామని చూస్తే ఒక్క చిత్తూరుకే ఎనిమిది గళ్ళు వచ్చాయి. ఏం చేయాలి?

ఆదివారం గళ్ళు:

అమ్మా, నేను రిటైరైన టీచర్ని, చంద్రగిరిలో ఉంటాను. పిల్లవాడు తప్పు రాయలేదు, మీ ఆధారం రెండు జవాబులకు తావిచ్చింది. పెద్దల నుడికట్టులో అలా జరిగితే మేము కూర్చినవాణ్ణే తిడతాం. ఎర్రగడ్డ, తెల్లగడ్డ (వెల్లుల్లి), ఉర్లగడ్డ (బంగాళాదుంప) మూడూ నాలుగేసి గళ్ళు, మూడింటికీ రెండేసి ఒత్తులు. ఒత్తులు నేర్పడానికి మన చిత్తూరు వంటిల్లు చాలదా! ముందు ఇంటి మాటతో ఒక నుడికట్టు చేయండి. మరుసటి వారం అదే వస్తువుకు ‘పుస్తకంలో పేరు’ అని ఆధారం ఇచ్చి ఉల్లిపాయ రాయించండి.

గళ్ళు నలుచదరంగా రావాలని తిప్పలు పడకండి. 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ వేసిన మొట్టమొదటిది కూడా డైమండు ఆకారంలోనే ఉంది, నడుమ ఖాళీ. నాలుగు మాటలు ఎక్కడో ఒకచోట కలిస్తే మీ పిల్లలకు చాలు.

కీబోర్డు:

మేడం, తిరుపతిలో డీటీపీ పని చేస్తాను. ఆ సైట్లు ఇంగ్లీషు కోసం చేసినవి. మనకు ‘త్తూ’ ఒక అక్షరం. కంప్యూటర్ లెక్కలో అది త, పొల్లు, త, కొమ్ముదీర్ఘం, అంటే నాలుగు ముక్కలు. చి రెండు, రు రెండు కలిపితే మీ ఎనిమిది. దేనికది విడిపోయి చుక్కల సున్నతో కనబడి ఉంటాయి. వర్డ్‌లో టేబుల్ పెట్టి ఒక్కో గడిలో ఒక్కో అక్షరం చేత్తో టైపు చేయడమే. పది నిమిషాల పని.

నగరి వైపు సార్:

మాటలు వెతుకు ఆటను నేను వదిలేశాను మేడం. పిల్లవాడు ఆకారం చూసి సున్న చుడతాడు, మాట చదవను కూడా చదవడు. రాయాల్సి వచ్చినప్పుడే ఒత్తు సంగతి తెలుస్తుంది. ‘ఇందులో ఏది సరైనది’ అని తప్పుల మాటలు బోర్డు మీద రాయడం కూడా మానుకున్నాను. రెండ్రోజులకు ఆ తప్పే నోటుబుక్కుల్లో కనబడింది.

మా దగ్గర కష్టం వేరే. చాలామంది ఇంట్లో అరవం మాట్లాడతారు. అరవంలో త, ద రెంటికీ ఒకే అక్షరం. దంతాలు అని చెప్తే ‘తందాలు’ రాస్తారు. అందుకని అలాంటి గడినే రెండు మాటలు కలిసేచోట పెడతాను: అడ్డం దంతాలు, నిలువు దండ. ‘దం’ నేనే నింపి ఇస్తాను.

ఒత్తుకు మాత్రం గళ్ళు కలవడం పనికిరాదు, మీ పాప చూపించింది కదా. ఒత్తున్న గడి కింద చిన్న జేబు గీయండి. జేబు ఖాళీగా ఉంటే వాళ్ళకే తెలిసిపోతుంది. లెక్కల నోటుబుక్కు గడి ఇరుకు, ఒత్తు కింది వరసలోకి జారుతుంది, కాబట్టి నాలుగు గళ్ళు కలిపి ఒకటిగా గీయించండి. రెండు మూడు వారాల తర్వాత జేబులు తీసేయండి.

పలకాబలపం:

అందరికీ థ్యాంక్స్. ఈ శుక్రవారం జేబులతో ఎర్రగడ్డ పెట్టాను. దాని మూడో గడిలోంచి గడప దిగింది, ‘ఇంట్లోకి పోవాలంటే దాటాలి’ అని ఆధారం. పద్దెనిమిది మంది మొత్తం నింపారు. ముగ్గురు జేబులో ఒత్తు పెట్టి పైన అక్షరం మరిచిపోయారు, అది వచ్చే వారం చూస్తాను. బెల్లు కొట్టాక మా గలు వాడు నోటుబుక్కు పట్టుకుని వచ్చాడు. ‘మేడం, ఎర్రగడ్డ రైటయింది కదా, పోయిన వారం మార్కు ఇప్పుడు వేస్తారా?’

వేశాను. గలుకు మాత్రం వేయలేదు.