చెన్నై బీచ్‌లో రెండు నుంచి ఆరేళ్ల పిల్లలతో ఇసుకాటలు: ఏ వేళకి వెళ్లాలి, ఏం ఆడించాలి, ఏం చూసుకోవాలి?

తిరువాన్మియూర్ తల్లి
బాబుకి 3, పాపకి 5. ఆదివారాలు ఇలియట్స్ బీచ్‌కి తీసుకెళ్దామని ఉంది. ఏ వేళ మంచిది? ఇసుకలో ఏమేం ఆడించొచ్చు? నీళ్ల దగ్గరికి ఎంతవరకు పోనివ్వాలి? ఇంటికొచ్చే ముందు ఆ ఇసుకంతా వదిలించేదెలా? ప్లాస్టిక్ బొమ్మల సెట్టు కొనాలా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

నెల్లూరు ఆడపడుచు
ముందు వేళ సంగతి. మనది తూర్పు తీరం, పొద్దు సముద్రంలోంచే పొడుస్తుంది. జనవరిలో ఆరున్నరకి, మే చివర్లో ఐదూ ముప్పావుకి. అక్కడి నుంచి గంటన్నర లోపు ఆట ముగించుకుంటే పిల్లలకి సుఖం. ఇసుకకి రాత్రి చల్లదనం ఇంకా ఉంటుంది, జనం పలచగా ఉంటారు, పిల్లలు కూడా నిద్ర తేరి హుషారుగా ఉంటారు.

సాయంత్రమైతే నాలుగున్నర దాటాకే. మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి ఒడ్డుకి తిరుగుతుంది. పెద్దవాళ్లకి హాయిగానే ఉంటుంది గానీ పొడి ఇసుక లేచేది మోకాలెత్తున, అంటే కూర్చున్న పిల్లల కళ్ల ఎత్తున. అందుకే గాలున్న రోజు పొడి ఇసుకలో కూర్చోబెట్టకుండా తడి ఇసుక దగ్గరికి తీసుకెళ్లాలి. తడి ఇసుక లేవదు.

మే 4 నుంచి 28 దాకా ఇక్కడ కత్తిరి ఎండలు. ఆ రోజుల్లో సాయంత్రం ఐదుకి కూడా పొడి ఇసుక కాలుతుంది. చేతి వెనక భాగం ఇసుకకి ఆనించి 5 లెక్కపెట్టండి. ఆనించలేకపోతే పిల్లల చెప్పులు విప్పకండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం, సముద్రం పోటెత్తి ఉంటుంది. ఆ మూడు నెలలూ ఆట గట్టు మీదే, నీళ్ల మాట వద్దు.

ఇసుక బడి
సెట్టు కొనకండి. ఆ ప్లాస్టిక్ పార పల్చగా ఉంటుంది, తడి ఇసుకలో గుచ్చగానే పిడి దగ్గర విరుగుతుంది, విరిగిన అంచు చెయ్యి కోస్తుంది. వంటింట్లోంచి ఒక చెక్క గరిటె, టీ జల్లెడ, రెండు కొబ్బరి చిప్పలు, అర లీటరు పెరుగు డబ్బా తీసుకెళ్లండి. కొబ్బరి చిప్ప అంచుని ముందే నేలకి రుద్ది నున్నగా చెయ్యాలి.

ఇక ఆట. మన పిచ్చుకగూడుని మించింది లేదు. చాలామంది అమ్మలకి కుదరనిది ఇసుక ఎంచుకోవడం దగ్గరే. అల వచ్చి వెనక్కి పోయిన చోట కాదు, దానికి నాలుగైదు అడుగులు ఎగువన చూడండి. ఇసుక ముదురు రంగులో ఉండాలి, కాలు పెడితే నీళ్లు ఊరకూడదు. పిడికిట్లో పిసికితే ఉండ నిలవాలి, వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారకూడదు. అలాంటి ఇసుక దొరక్కపోతే పొడి ఇసుక 8 పాళ్లకి నీళ్లు 1 పాలు కలపండి. రేణువుల మధ్య సన్నగా నిలిచే నీటి పొరే వాటిని లాగి పట్టుకుంటుంది. నీళ్లు ఎక్కువైతే ఆ పట్టు పోయి ఇసుక జారిపోతుంది, తక్కువైతే పట్టే ఉండదు.

బిడ్డ కుడికాలు ఇసుక మీద చదునుగా పెట్టించండి. అమ్మ కాలు వద్దు. కాలు పెద్దదైన కొద్దీ కప్పు వెడల్పై మధ్యలో కూలుతుంది, మూడేళ్ల పాదానికి కట్టిన గూడు చక్కగా నిలుస్తుంది. వేళ్ల వైపు నుంచి మొదలుపెట్టి చీలమండ దాకా నాలుగు వేళ్ల మందాన ఇసుక పొయ్యాలి. అరచేత్తో రొట్టె తట్టినట్టు తట్టాలి. పైన తట్టడం అందరూ చేస్తారు, పక్కలు మరిచిపోతారు. కూలేది ఆ పక్కల నుంచే. ముప్పై నలభై తట్లు పడ్డాక, "వేళ్లు కిందికి నొక్కిపెట్టు, మడమ ఎత్తకు, నెమ్మదిగా వెనక్కి జరుపు" అని చెప్పండి. మడమ ఎత్తితే చీలమండ దగ్గర కప్పు లేస్తుంది, బొటనవేలు ఎత్తితే మధ్యలో పగులుతుంది.

కాలు బయటికొచ్చే ఆ రెండు క్షణాలు బిడ్డ ఊపిరి బిగబట్టేస్తుంది. గూడు నిలిచిందని తెలియగానే ముందు గూటి వంక కాదు, అమ్మ ముఖం వంక చూస్తుంది. అప్పుడు మన చేతిలో ఫోను ఉండకూడదు. ఫొటో తర్వాత తీసుకోవచ్చు, గూడు అక్కడే ఉంటుంది.

అడయార్ పెద్దక్క
నీళ్ల గురించి గట్టిగానే చెబుతాను, ఏమీ అనుకోకండి. మెరీనాలో గానీ ఇలియట్స్‌లో గానీ ఒడ్డు ఉన్నట్టుండి లోతవుతుంది, కింద లాగుడు ఉంటుంది. ఆరేళ్ల లోపు పిల్లలకి అల చివరి నురుగు పాదం మీదుగా పోయేంతవరకే. ఒక్కో బిడ్డకి ఒక్కో పెద్దమనిషి ఉండాలి. ఇద్దర్ని రెండు చేతులా పట్టుకుని ఒక్కరే నిలబడితే, ఒక బిడ్డ పడినప్పుడు రెండో చెయ్యి వదలాల్సి వస్తుంది.

పట్టుకోవాల్సింది వేళ్లు కాదు, మణికట్టు. తడి వేళ్లు జారతాయి. సముద్రానికి వీపు పెట్టి నిలబడకండి, ఫొటో కోసమైనా సరే. అల వెనక్కి పోయేటప్పుడు పాదాల కింద ఇసుక కోసుకుపోతుంది, పిల్లలు పడేది అప్పుడే. పడ్డ బిడ్డ అరవలేదు, నోట్లో నీళ్లుంటాయి. కాబట్టి చెవిని నమ్ముకోకండి, కళ్లు వాళ్లమీదే ఉండాలి.

నీలం రంగు చిన్న బుడగలాంటి జీవి, దారాలు వేలాడుతూ ఒడ్డున పడి ఉంటే ముట్టుకోనివ్వకండి. చచ్చి ఎండినా కుడుతుంది. కుడితే రుద్దకుండా సముద్రపు నీళ్లతోనే కడిగి, దారాలు ఉంటే అట్టముక్కతో తీసెయ్యండి. తర్వాత ముందు మీ చెయ్యి పెట్టి చూసుకుని, చర్మం ఓర్చుకునేంత వేడి నీళ్లలో 20 నిమిషాలు ఉంచండి. ఊపిరి ఇబ్బందైనా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా ఆసుపత్రికే.

ఇద్దరు బుజ్జులు
గుంత తవ్వడం మా వాళ్లకి ప్రాణం అండీ. ఎంత లోతు దాకా తవ్వనివ్వచ్చు?

ఇసుక బడి
అక్కడున్న అందరికంటే చిన్న బిడ్డ మోకాలి లోతు. అంతే. పైనున్న పొడి ఇసుక చెప్పకుండా జారుతుంది, బరువు చాలా ఎక్కువ. గుంతలోపల కూర్చోనివ్వకండి, పక్కకి సొరంగం అసలే వద్దు. వచ్చేముందు పూడ్చెయ్యాలి. చీకట్లో నడిచేవాళ్ల కాలు మడత పడుతుంది, తాబేలు పిల్లలు పడితే పైకి ఎక్కలేవు.

చిత్తూరు వదిన
తవ్వడం కన్నా వెతకడం ఎక్కువసేపు ఆడతారు. అల వెనక్కి పోయేటప్పుడు తడి ఇసుక మీద చిన్న చిన్న V ఆకారం గీతలు కనిపిస్తాయి. అవి ఇసుకలో దాక్కున్న చిన్న జీవాల మీసాలు. కోడిగుడ్డు ఆకారంలో, బొటనవేలి గోరంత నుంచి బొటనవేలంత దాకా ఉంటాయి. వెనక్కిపోయే నీళ్లలో తిండిని మీసాలతో వడగట్టుకుంటాయి. గీత కనపడగానే దాని కింద రెండు చేతులా ఇసుక తోడి జల్లెడలో పోస్తే దొరుకుతుంది. డెక్కలు లేవు, కరవదు. అరచేతిలో పెడితే వెనక్కి వెనక్కి తవ్వుకుంటూ పోతుంది, ఆ చక్కిలిగింతకి పిల్లలు విరగబడి నవ్వుతారు. ఒక నిమిషం చూసి మళ్లీ తడి ఇసుకలోనే వదిలెయ్యండి. డబ్బాలో ఇంటికి తెస్తే బతకదు.

ఎగువన కన్నాలు చేసేవి వేరు, అవి ఎండ్రకాయలు. నీళ్ల దగ్గర చిన్న కన్నాలు పిల్లవాటివి, గట్టు వైపు పెద్ద కన్నాలు పెద్దవాటివి. కన్నం ముందు తాజా ఇసుక విసిరినట్టు పడి ఉంటే లోపల ఉన్నట్టే. పది అడుగుల దూరంలో కదలకుండా కూర్చుంటే బయటికొస్తుంది. నాలుగేళ్ల బిడ్డ అంతసేపు నోరు మూసుకుని కూర్చునే ఆట ఇదొక్కటే అనిపిస్తుంది.

నెల్లూరు ఆడపడుచు
మా వైపూ ఎండ్రకాయే అంటాం వదినా, గోదావరి వాళ్లకి అది పీత.

తాబేళ్ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు జనవరి నుంచి మార్చి దాకా ఇక్కడి ఒడ్డున గుడ్లు పెడతాయి. సుమారు 45 నుంచి 55 రోజులకి పిల్లలవుతాయి. 1988 నుంచి విద్యార్థి వాలంటీర్లు రాత్రుళ్లు నీలాంగరై నుంచి బెసెంట్ నగర్ దాకా దాదాపు 7 కిలోమీటర్లు నడిచి గుడ్లు సేకరించి కంచె వేసిన చోట పూడ్చిపెడతారు. ఆ అర్ధరాత్రి నడక పసిపిల్లలకి కాదు. మార్చి, ఏప్రిల్ సాయంత్రాల్లో తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలేటప్పుడు మన పిల్లల్ని తీసుకెళ్లండి. తాడు దాటకూడదు, ఫ్లాష్, టార్చి వద్దు. తాబేలు పిల్ల వెలుగున్న వైపు నడుస్తుంది, మన లైటు చూస్తే సముద్రానికి ఎదురు దిక్కున పోతుంది. ఈ మాట బయల్దేరే ముందు ఇంట్లోనే పిల్లలకి చెప్పి ఉంచండి, అక్కడికెళ్లాక వినే ఓపిక ఉండదు.

మైలాపూర్ అత్తమ్మ
తిండి: ఇడ్లీలకి కారప్పొడి బదులు నెయ్యీ పప్పులపొడీ పట్టించి తీసుకెళ్లండి. చేతికి అంటదు, ఎండకి పాడవదు. ఎండాకాలం పెరుగన్నం రెండు గంటల్లో పులుస్తుంది. బీచ్‌లో సుండల్ కొనిస్తే శనగలు వేళ్లతో నలిపి పెట్టండి, నాలుగేళ్ల లోపు గింజ గింజగా ఇవ్వకండి, గొంతులో ఇరుక్కుంటుంది. తాగే నీళ్లు మనిషికి అర లీటరు, కడగడానికి విడిగా బిడ్డకి 2 లీటర్లు.

ఇసుక వదిలించడం: తడి ఒంటిని తువ్వాలుతో తుడవకండి, ఇసుక చర్మంలోకి రుద్దినట్టవుతుంది, తొడల సందుల్లో ఒరుసుకుని ఎర్రగా కందుతుంది. ముందు ఆరనివ్వండి. ఒక గుడ్డ సంచిలో రెండు గుప్పెళ్ల మెత్తటి మొక్కజొన్న పిండి (కార్న్‌ఫ్లోర్) ఉంచుకోండి. అది పల్చగా అద్ది చేత్తో దులిపితే తడి పీల్చుకుని ఇసుక రాలిపోతుంది. టాల్కం పౌడరు వద్దు, గాలికి లేచి పిల్లల ముక్కులోకి పోతుంది. మిగిలింది ఆ 2 లీటర్లతో పైనుంచి కిందికి కడగండి.

కంట్లో పడితే రుద్దనివ్వకండి. తల పక్కకి వంచి, ముక్కు వైపు నుంచి చెవి వైపుకి తాగే నీళ్లు సన్నధారగా పొయ్యండి. గంట తర్వాత కూడా కన్ను తెరవకపోతే డాక్టరుకి చూపించాలి.

తిరువాన్మియూర్ తల్లి
అందరికీ చాలా థాంక్స్. ఒక్కటి అడగాలి. అందరూ అలిసిపోయి కూర్చున్నప్పుడు, లేచి పరిగెత్తకుండా ఆడేది ఏదైనా ఉందా?

చిత్తూరు వదిన
ఇసుకలో పుల్ల దాచే ఆట. ఇక్కడివాళ్లు కిచ్చు కిచ్చు తాంబాళం అంటారు. పొడి ఇసుకని మూరెడు పొడవున, నాలుగు వేళ్ల ఎత్తున గట్టులా పొయ్యండి. చిటికెన వేలంత పుల్ల వేళ్ల మధ్య పట్టుకుని గట్టు పొడవునా అటూ ఇటూ ఇసుకలో నడిపిస్తూ ఎక్కడో ఒకచోట వదిలెయ్యాలి. వదిలాక కూడా వేళ్లు ఆపకూడదు, ఆపితే దొరికిపోతారు. ఎదుటివాళ్లు రెండు చేతులూ జోడించి ఒకచోట కప్పాలి. పుల్ల ఆ చేతుల కింద ఉంటే వాళ్లది గెలుపు.

మూడేళ్ల బాబుకి గట్టు జానెడు చాలు, ఐదేళ్ల పాపకి మూరెడు. బాబు దాచేటప్పుడు పుల్ల కొస బయటికి కనపడుతూనే ఉంటుంది. చూడనట్టు వేరే చోట కప్పండి.